మంగళవారం మగవాళ్ళది

మొదటిసారి మెట్ల మీద ఎదురైనప్పుడే
కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టయింది.
ఏమీ చెయ్యలేదు పాపం ఎలాదియో.
గోడకి జరిగి దారిచ్చాడు.
టోపీ కూడా తీశాడనుకుంటా.
పైకెళ్ళి తన తలుపు
చప్పుడు లేకుండా మూసుకున్నాడు, అంతే.
అలా తలుపు మూసేవాణ్ణి నమ్మకు
అంది నా లోపలిది.

కలిదోనియాలో ఈ గది తీసుకున్నదీ
దాని మాట మీదే.
కిటికీలోంచి అంగుళమంత సముద్రం,
పంపు తిప్పితే తుమ్మి తుమ్మి నీళ్ళు.
ఇక్కడుండొచ్చు, అంది. ఉన్నాను, ఆరేళ్ళు.
కారణం అడిగితే చెప్పదు అది.

తరవాత ఆ ఏప్రిల్ వచ్చింది.
పనామా సిటీని ఆడా మగా అని రెండుగా చీరారు.
సోమ, బుధ, శుక్రవారాలు మావి.
మంగళ, గురు, శనివారాలు వాళ్ళవి.
ఆదివారం ఎవరిదీ కాదు.
అదీ గుర్తింపు కార్డు చివరి అంకె
ఒప్పుకున్న గంటల్లోనే.
కాలువ కోసం వరసకట్టిన ఓడలకి మాత్రం
ఏ అంకే లేదు, వెళ్తూనే ఉన్నాయి.

చేపల మార్కెట్ వెనక ఒక సందు ఉంది,
పగలు కూడా నేను అడుగు పెట్టనిది.
ఒక సోమవారం అందులోంచి నడిచాను.
బోర్లించిన లాటరీ బల్ల, దాని మీద పిల్లి.
నా లోపలిది నోరెత్తలేదు.
అవతల ఆసుపత్రుల్లో మంచాలు చాలడం లేదు,
ఇవతల నాకు హాయిగా ఉంది.
చెప్పుకోడానికి ఇప్పటికీ సిగ్గే.

కింద పార్లర్ నడిపే మైరెనాకి
కార్డు మీద ఇంకా మగవాడి పేరే.
సోమవారం వెళ్తే నీ రోజు రేపన్నారు,
మంగళవారం వెళ్తే గౌను చూసి నవ్వారు.
ఇంక వెళ్ళలేదు.
ఆమె ఉల్లిపాయలూ సిగరెట్లూ నా సంచీలోనే.
ఎలాదియో ఎలాంటివాడని అడిగాను ఆమెని.
"టగ్ పడవల మీద తాళ్ళు విసిరేవాడు.
మెడ మీద కుడిపక్క పాత గాటుంది.
జుట్టు కత్తిరించేదాన్ని, ఇంకేం తెలుస్తుంది?"

ఆ వారం నుంచే కాబోలు
ప్రతి మంగళవారం నా గుమ్మంలో కాగితం సంచీ.
పచ్చి కందికాయలు. రెండు అరటికాయలు.
ఒకసారి ఒకే ఒక్క మామిడిపండు,
ఒక పక్క పండి, ఒక పక్క పచ్చిగా.
చీటీ లేదు.
తలుపు చప్పుడు వినపడలేదు కాబట్టి
ఎవరో తెలిసిపోయింది.
బ్లీచింగ్ నీళ్ళలో కడిగాను, మళ్ళీ కడిగాను.
రోగం భయమని చెప్పుకున్నాను.
కడిగి, ఆరబెట్టి, చెత్తలో పోశాను.
ఆకలేస్తున్నా పోశాను.
మామిడిపండు మాత్రం తిన్నాను,
నిలబడి, దీపం వెయ్యకుండా, టెంక చీకేదాకా.

జూలైలో ఒక శుక్రవారం అంబులెన్స్.
ఆడవాళ్ళ రోజు.
వీధి పొడుగునా మేమే, రెండేసి బారల ఎడంలో.
స్ట్రెచర్ వస్తుంటే
అందరం గోడకి జరిగి దారిచ్చాం.
మాస్కు పైన ఆయన కళ్ళు
నన్ను వెతికాయనిపించింది.
కాదేమో. ఊపిరి వెతుక్కుంటున్నాయేమో.
నా చేతిలో తాళంచెవి, వేళ్ళ సందున, మొన బయటికి.
ఆ మెట్లెక్కేటప్పుడు ఎప్పుడూ పట్టుకునే పట్టు.
అది అప్పుడు చూసుకున్నాను.

చచ్చిపోలేదు ఆయన.
సెప్టెంబరులో తిరిగొచ్చాడు, చొక్కాలో సగం మనిషై.

ఇప్పుడు అన్ని రోజులూ అందరివీ.
ఎదురైతే కడుపులో అదే చోట అదే దేవుతుంది.
తప్పు చెప్పావా అని దాన్ని గట్టిగా అడగలేను.
ఎన్ని రాత్రులు నన్ను ఇంటికి చేర్చిందో అది.
కానీ మంగళవారం పొద్దున
చెవి దానంతటదే తలుపుకి ఆనుతుంది.
సంచీ ఏమీ రాదు.

నిన్న నేనే ఆయన గుమ్మంలో
రెండు మామిడిపళ్ళు పెట్టి,
గబగబా దిగొచ్చి తలుపు మూసుకున్నాను
చప్పుడు కాకుండా.
గుర్తొచ్చి, తెరిచి,
ఈసారి దభాలున మూశాను.