అక్షరానికి ఇంత

నౌబత్.
తెలుగుల మూడక్షరాలు, ఉర్దూల నాలుగు, ఇంగ్లిష్‌ల ఆరు.
అక్షరానికింత అని తీస్కునేటోణ్ణి,
నాకు ఇంగ్లిషే లాభం.

మొదలు దస్తగీర్ మాస్టర్ వచ్చిండు, డబీర్‌పురా కెల్లి,
సైకిల్ కేరియర్ మీద పెద్ద ఢోలు కట్టుకొని.
ఎర్రకోటు, భుజాల మీద బంగారు కుచ్చులు,
కాళ్లకు మాత్రం హవాయి చెప్పులు.
"నౌబత్ పహాడ్ కింద పుట్టిన, వేరే పేరెందుకు?" అన్నడు.
ఆ గుట్ట మీద ఒకప్పుడు నగారాలు మోగిచ్చి
సర్కారు హుకుం చెప్పేటోళ్లంట.
ఈయన మోగిచ్చి చెప్పేదల్ల ఒక్కటే:
పెండ్లికొడుకొస్తున్నడు, జరుగుండ్రి.
పోయేముందు అడిగిండు,
"ఈ పేరు ఇంకెవరికన్న ఉందా?"
"లేదు మాస్టర్" అన్న.
అప్పటికి నిజమే.

ఇరవై ఏండ్లకు సైనిక్‌పురి పోరగాండ్లు,
నలుగురు, రెండు స్కూటర్లు.
డెరిక్ అనేటోడు డ్రమ్మును ఒళ్లె పెట్టుకొని కూసున్నడు,
జరమొచ్చిన పిల్లను దవఖానకు తెచ్చినట్టు.
ఇంగ్లిష్‌ల రాయాలె, ఎన్ తోక కిందికి మెరుపులెక్క దిగాలె.
"అంకుల్, ఇంకెవరికన్న ఉందా ఈ పేరు?"
దస్తగీర్ ఢోలు యాదికొచ్చింది.
ఆరక్షరాలు గూడ యాదికొచ్చినయి.
"లేదు బాబూ."

వాళ్లది పదకొండు నెలల కథ.
ఒక క్యాసెట్, అది గూడ ఒక్క దిక్కే నిండింది.
కాలేజీ ఫంక్షన్ల రెండో పాటకే కరెంటు పోతే
డెరిక్ ఒక్కడే చీకట్ల కొట్టుకుంట పోయిండంట,
జనం పోయినంక గూడ.
నడుమల ఒకసారి బేగంబజార్ సేటు పంపిన పెండ్లి అడ్వాన్సు
వాళ్లింటికి పోయింది.
డెరిక్ తల్లి ఆ కవరు పట్టుకొని నా దుకాణానికొచ్చింది,
గౌను మీద ఎండ, మొకంల అనుమానం.
నేనే తీస్కపోయి మాస్టర్‌కిచ్చిన.
"ఎవరు వాళ్లు?"
"ఎవరో పిల్లలు."
"బాగ వాయిస్తరా?"
నేను వినలే. తెల్వదన్న.

ఆ తర్వాత ఎల్లమ్మబండ మంజుల, ఏడుగురు ఆడోళ్లు, ఏడు డప్పులు.
తోలు మీద రంగు నిలువది, రాలి చీరెల మీద పడ్తది,
బ్యానర్ మీద రాసిన.
"ఎవరు పెట్టిన్రమ్మా పేరు?"
"మేమెక్కడ పెట్టినం? టెంటుహౌసాయన రసీదుల రాసిండు,
అదే ఉండిపోయింది."
ఎలక్షనొస్తే ఏ జెండాకైనా సరే,
గణపతొస్తే ఏ గల్లీకైనా సరే.
ఇంకెవరికన్న ఉందా అని ఆమె అడగనే లేదు.
చెప్పుదామనుకున్న.
బేరంల పడి మరిచిన.

నన్నేమనకుండ్రి.
నా బోర్డు మీద కిరణ్ ఆర్ట్స్ అని ఉంటది.
కోఠి నుంచి అంబర్‌పేట దాకా లెక్కవెట్టిన,
తొమ్మిది కిరణ్ ఆర్ట్స్‌లు.
నా పేరు బుచ్చిలింగం.

ఫ్లెక్సీలొచ్చినయి. కుంచెలు డబ్బాలనే ఎండినయి.
మొన్నొకనాడు రాత్రి చాదర్‌ఘాట్ కాడ బరాత్ ఎదురైంది.
నెత్తుల మీద లైట్లు, ఎనక జనరేటర్ బండి.
మాస్టర్ ముసలోడైండు. అబ్బాస్‌కు పండ్లూడినయి,
క్లారినెట్‌ల సగం గాలి పాటకు, సగం గాలి ఉత్తగనే.
వాళ్ల నడుమ ఒక డ్రమ్ము,
ఆరక్షరాలు, మెరుపు తోక.
నా చెయ్యి నాకు తెల్వదా.

"జుమేరాత్ బజార్‌ల దొరికింది, మూడొందలు" అన్నడు మాస్టర్.
"నా పేరు ముందే రాసి ఉంది సూడు, నీ ఖర్చు మిగిలింది."
నవ్విండు. నేను గూడ నవ్విన.
తోలు మీద ఒక మూలకు కర్ర తాకి చినిగిన కాడ
టేపు అతికి ఉంది.
ఆ చీకటి నాటిదో, మరెప్పటిదో.
కొట్టే పిల్లగాడు సరిగ్గ దాని పక్కనే కొడ్తుండు.

గుర్రం జర బెదిరింది.
పెండ్లికొడుకొస్తున్నడు.
జరిగిన.