సానకూదలో ఏం తినాలంటే

రంభ రేవులో పడవెక్కేవాళ్ళందరూ ఇదే అడుగుతారు:
"అక్కడ తినడానికి ఏముంటుంది, బైరాగీ?"

చిలికా మధ్య ముప్పావు మైలు మట్టి. నూట పది గడపలు.
ఆ ఉప్పుగాలికి తలుపు మేకే నిలవదు,
హోటలు బోర్డు నిలుస్తుందా?

అయినా చెప్తాను.
ఇంజను చప్పుడులో వినబడకపోతే
మళ్ళీ అడుగు, మొహమాటపడకు.

దిగగానే ఎడమచేతికి ఉద్ధబ సాహు కొట్టు.
ఛెనాపోడ రాత్రంతా ఆకుల్లో ముడుచుకుని
నిప్పుల మధ్య పడుకుంటుంది,
తెల్లారేసరికి ఒళ్ళంతా కమిలి ఉంటుంది.
కొత్తవాళ్ళకి అతను నడిమి ముక్క కోస్తాడు, తెల్లగా, మెత్తగా.
తీసుకోకు.
అంచు అడుగు, మాడినది, పళ్ళకి పట్టుకునేది.
అది మనవరాలి కోసం పక్కన పెట్టుకుంటాడు.
రెండోసారి అడిగితే ఇస్తాడు.

పీతలంటావా?
అమావాస్య దగ్గరైతే మా వీధికి రా.
నోలియా వీధి అంటారు, తెలుగోళ్ళ వీధన్నా చూపిస్తారు.
మా వదిన పోలమ్మ పీతని అరచేతిలో తూచి
బరువు లేకపోతే నీళ్ళలోకే విసిరేస్తుంది.
పున్నమి పీత బోలు, వెన్నెల చూస్తూ మేత మరిచిపోతుందట.
పున్నమినాడొచ్చి పీతల పులుసు అడిగావో,
నీ డబ్బు ముట్టుకోదు,
వంకాయ, ఎండురొయ్యలు వండి పెడుతుంది.
కారం తగ్గించమనకు.
ఆ కూరలో ఆవాల ముద్ద
ఒడియావాళ్ళ దగ్గర నేర్చుకున్నదే. ఒప్పుకోదు.

ఇక అసలు సంగతి.

బడి వెనక రేకుల పాక. ఇద్దరు ముసలమ్మలు.
అరిసె తింటావా, అరిసా తింటావా అని అడుగుతారు.
తేడా ఏమిటన్నావో
సాయంత్రం పడవ తప్పిపోయినట్టే.

చెక్కల మధ్య నొక్కి నూనె పిండాలంటుంది గున్నమ్మ.
నూనె పోయిన పిఠా ఎండిన ఒడ్డులా ఉంటుందంటుంది కుంతళా మౌసి.
నలభై ఏళ్ళు రెండు పొయ్యిలు, రెండు వీధులు.
అటూ ఇటూ తిరిగే కుక్కలు మాత్రం
ఏ భాషలో పిలిచినా వెళ్ళేవి.

తుఫాను ఏడాది మౌసి మూకుడు నీళ్ళలో కొట్టుకుపోయింది.
గున్నమ్మ పొయ్యి మీద గోడ కూలింది.
మిగిలింది ఒకరికి మూకుడు, ఒకరికి పొయ్యి.
ఎవరు ఎవరి గడప తొక్కారో నేను చూడలేదు,
ఆ వారమంతా పడవేసుకుని
శవాల కోసం నీళ్ళు గాలిస్తున్నాను.
తిరిగొచ్చేసరికి ఊళ్ళో ఒక్క పొగే లేస్తోంది,
బెల్లం వాసన.

ఇప్పటికీ అదే పొయ్యి, అదే మూకుడు. బుట్టలే రెండు.
పాకం మౌసి చూస్తుంది.
గిన్నెడు నీళ్ళలో చుక్క వేసి, ఉండ కట్టాక తీసి
గిన్నె అంచుకి కొట్టి వింటుంది.
నోట్లో మాత్రం వేసుకోదు. చక్కెర జబ్బు.
కాలి వేలొకటి బరంపురం ఆసుపత్రిలో వదిలేసి వచ్చింది.
ఆమె బదులు గున్నమ్మ కొరుకుతుంది.
యాలక్కాయ తక్కువైతే తెలుగులో తిడుతుంది.
మౌసి ఒడియాలో అంతకు రెండింతలు తిడుతుంది.
నువ్వులద్దే పిల్ల రెండూ విని నవ్వుతుంది.

నాలుగున్నరకి కడపటి పడవ.
గాలి తూర్పుకి తిరిగితే అదీ ఉండదు,
గబగబా మింగకు, ఆ రాత్రికి ఉండిపో.
చద్దన్నం, కాల్చిన చేప, పచ్చిమిరపకాయ:
వీటికి ధర ఎవరూ చెప్పరు,
అడిగితే చిన్నబుచ్చుకుంటారు.

అరిసెలకి మాత్రం డబ్బివ్వు.
ఏ బుట్టలోవి కొన్నా
రెండో ఆమె మొహం అటు తిప్పుకుంటుంది, పట్టించుకోకు.
వందిస్తే చిల్లర లేదంటారు.
చిల్లరకి బదులు
ఆ రెండో బుట్టలోంచి ఒకటి నీ చేతిలో పడుతుంది, వేడివేడిగా.
వద్దనకు.
ఏ భాషలో వద్దన్నా
ఆ ఇద్దరికీ వినబడదు.