గిర్ని లెక్క

జనాభా లెక్కల సారు
కొత్తవాడ మూలమలుపుల గొడుగు మూసి
ఈ గల్లీల ఎంతమందమ్మా అన్నడు.
మంది లెక్క నాకేం ఎరుక సారూ,
పిండి లెక్క అడుగు.

మా అత్త గిర్ని నడిపిన కాలంల
మిల్లు సైరన్ కూసినంక
డబ్బాల వరుస మోరి దాక ఉండేదట.
జొన్నలు, ఒట్టి జొన్నలు.
అడ్డెడు తెచ్చిన ఇంట్ల ఆరుగురు,
కుంచెడు తెస్తె ఇంకా ఏరుపడనోళ్ళు.
సైరన్ బందైన యేడు
రాయికి కక్కు కొట్టిచ్చే అక్కరనే రాలే.

ఆటెన్క సూరత్ రైలు.
మగ్గం గుంట పూడ్చి
వొడ్నాల కట్టమల్లు ముందుగాల పోయిండు,
ఎనుక తమ్ముడు, మరదలు,
పీర్లకు పేరు పెట్టిన మేక సుత అమ్ముడుపోయింది.
కుసుమ సాంబలక్ష్మి పోయేనాడు
నాలుగు మానికలు పట్టిచ్చుకొని
పైసలు ఖాతల రాయి, వచ్చినంక ఇస్త అన్నది.
పందొమ్మిదేండ్లు. పదకొండు రూపాయలు.
ఆ కాయితం నేను చింపలే.

ఇగ కొన్నేండ్లు ఎలుకలే గిరాకి.
బెల్టు ఎండి పర్రెలిచ్చింది.

ఒకనాడు
ఎనుమాముల మార్కెట్ల మిర్చి బస్తాలు మోసే పోరడు,
రాంప్రవేశ్ అట,
ఎర్రటి కండ్లు తుడుసుకుంట
ఏంచిన శెనగలు తెచ్చి పట్టుమన్నడు.
ఏంచినయి పట్టుడేందని మూతి తిప్పిన,
పట్టిన.
గిర్నంత కమ్మటి వాసన.
నీళ్ళల్ల కలుపుకొని ఉల్లిగడ్డ కొరుక్కుంట
గడప మీదనే తాగిండు.

ఇప్పుడు కట్టమల్లు ఇంట్ల తొమ్మండుగురు.
కరెంటు బిల్లు మీద ఒక్కని పేరూ లేదు.
ఓట్లనాడు సూరత్ నుంచి రెండు బస్సులొస్తయి,
పొద్దుమూకకముందే మర్లిపోతయి.
ఆ దినం ఈ పోరగాండ్లు
ఎటన్న పోయి కూసుంటరు.

పోయిన నెల వాళ్ళల్ల ఒకని పెండ్లాం దిగింది.
మానికెడే గోధుమలు,
మెత్తగ, ఇంకా మెత్తగ అని వేళ్ళతోని సైగ.
సంకల పిల్లకు రెండు పండ్లు.
ఇగ వీళ్ళు పోరనుకున్న.
మా సాంబలక్ష్మి సుత సూరత్ల
ఏ గిర్ని కాడనో
గిట్లనే వేళ్ళు నలిపి చూపిచ్చి ఉంటది.

ఒక్కమాట సారూ, కాయితంల పట్టదు గాని విను.
ముందు పట్టినోళ్ళ పిండి పిడికెడు
రాయిల ఆగుతది.
ఎనుకొచ్చినోళ్ళ డబ్బాల పడుతది.
ఎంత దులిపినా అంతే.

నీ అంగి మీద పడ్డదే సూడు, తెల్లగ.
అది ఎవ్వరిదో
నాకు సుత తెల్వది.