పెన్సిల్ నిమిషాలు

పైన ఉప్పల్, కింద మెహదీపట్నం,
అడ్డంగా తెల్లారుజాము నాలుగు నుంచి అర్ధరాత్రి దాకా.
గోడంత కాగితం మీద
ఒక్కో బస్సూ ఒక ఏటవాలు గీత.
దిగుతుంది, ఎక్కుతుంది, మళ్ళీ దిగుతుంది.
గీత చదునుగా ఉన్నచోట
బండి ఆగిందని అర్థం.
ఆ చదునును మేం లేఓవర్ అని రాస్తాం.
డ్రైవర్లు దమ్ అంటారు.

పందొమ్మిదేళ్ళుగా ఈ గీతలు నావి.
స్కేలు నాది, రబ్బరు నాది.
అంబర్‌పేట ఆరో నంబర్ దగ్గర
ఎండలో నిలబడి తిట్టేవాళ్ళకు
నా పేరు తెలియకపోవడం నా అదృష్టం.

కోఠి నుంచి నాంపల్లి
పొద్దున ఆరింటికి తొమ్మిది నిమిషాలు,
పదింటికి ఇరవై రెండు,
పెళ్ళి ముహూర్తాలున్న రాత్రి దేవుడికెరుక.
లక్డీకాపూల్ ఏ లెక్కకూ చిక్కదు.
వానపడితే
ఈ కాగితంతో పడవ చేసుకోవడమే.

అరగంట చూస్తే మూడు బస్సులు కలిసి వస్తాయంటారు జనం.
నిజమే.
నిండిన బండి మెల్లగా నడుస్తుంది,
మెల్లగా నడిచేకొద్దీ ఇంకా నిండుతుంది,
వెనకది ఖాళీగా పరుగెత్తుకొచ్చి దాని తోక పట్టుకుంటుంది.
బరువు మోసేవాడి మీదే ఇంకో బరువు పడటం
నేను మొదట ఇక్కడే, ఈ గీతల్లోనే చూశాను.

పోయిన మార్చిలో పైనుంచి మాట వచ్చింది:
పదకొండు బండ్ల పని పది బండ్లతో.
మూడు రాత్రులు కూర్చున్నాను.
పరుగులో అక్కడక్కడ గిల్లాను,
మెహదీపట్నంలో ఎనిమిది నిమిషాల చదునును
నాలుగు చేశాను.
ఒక బండి మిగిలింది.
మేనేజరు భుజం తట్టి
ఇరానీ చాయ్ తెప్పించాడు, ఉస్మానియా బిస్కెట్లతో సహా.

ఏప్రిల్ చివర్లో ఒక రాత్రి
రెండో షిఫ్టు కండక్టర్ అండాలు
డబ్బు లెక్క అప్పజెప్పి, వెళ్ళకుండా నిలబడింది.
సంచిలోంచి లీటరు సీసా తీసి
నా బల్ల మీద పెట్టింది.
మూత సీలు కూడా ఊడలేదు.

"డ్యూటీ ఎక్కెటప్పుడు కొన్న సార్. తాగలే.
తాగితే యాడికి పోవాలె?
బాత్రూం ఆ కొసకున్నది.
పోయి వచ్చెటాళ్ళకు ఏడు నిమిషాలు.
మీరు నాలుగిచ్చిన్రు."

తిట్టలేదు.
తిడితే బాగుండేది.

ఆమె వెళ్ళాక రబ్బరు తీశాను.
నాలుగు నిమిషాలు ఎక్కడ దొరుకుతాయి ఈ ఊళ్ళో?
రామంతాపూర్‌లో తీస్తే
బడిపిల్లలు ఫుట్‌బోర్డు మీద వేలాడతారు.
ఆఖరి బండిని ముందుకు జరిపితే
ఆబిడ్స్‌లో చీరలు మడతపెట్టి షట్టర్ దించే అమ్మాయిలు
ఆటోకు నూటెనభై పొయ్యాలి.
వెనక్కి జరిపితే
కాచిగూడలో ఎవరికో రైలు వెళ్ళిపోతుంది.
ఏ నిమిషం మీద వేలుపెట్టినా
దాని కింద ఒక మనిషి కదులుతున్నాడు.

రెండు దాటాక, ఫ్యాను కిందే, లెక్క మార్చాను.
ఒకరి దగ్గర నాలుగు తీస్తే దొంగతనం.
పది బండ్లకూ పంచితే
స్టాపులో నిలబడ్డ ప్రతి ఒక్కరి దగ్గరా
అరనిమిషం కూడా కాదు.
అడగలేదు. అప్పు తీసుకున్నాను.
కారణం అనే గడిలో
'మాసబ్‌ట్యాంక్ సిగ్నల్, అదనపు జాప్యం' అని రాశాను.
బాత్రూం అని రాయడానికి
మా ఫారంలో గడి లేదు.

చెకింగ్ ఖుద్దూస్ సాబ్ ఏదో ఒకరోజు
స్టాప్‌వాచ్ పట్టుకుని ఆ సిగ్నల్ దగ్గర నిలబడతాడు.
ఏం చెప్పాలో ఇంకా అనుకోలేదు.
అందుకే మిగతా చార్టంతా ఇంకుతో ఉన్నా
ఆ నాలుగూ పెన్సిల్‌తోనే ఉన్నాయి.

ఈ నెల రొటేషన్‌లో
అండాలుకు వేరే రూటు పడింది.
మెహదీపట్నంలో ఆ ఎనిమిది నిమిషాలూ
ఇప్పుడెవరో డ్రైవరు
బస్సు నీడలో చతికిలబడి బీడీ కాలుస్తున్నాడట.

కాల్చనీ.