ఊపిరి వంతులు

ఎర్రగుంట్లలో మా బండల మిల్లు రాత్రి ఏడుకు ఆగుతుంది.
ఆగినాక కూడా అర్ధగంట సేపు
చెవుల్లో రాయి కోస్తానే ఉంటుంది.
కొళాయి కింద తల పెడితే
తెల్లగా కారిపోయేది పగలంతా చేసిన పని.
మీసాల్లో, కనురెప్పల మీద,
సద్దిగిన్నె మూత అంచున కూడా నాపరాతి పొడి.
దీన్ని దులుపుకోవచ్చు.
లోపలికి పోయినదాన్ని యెట్ల దులిపేది?

ఓబులేసన్నకు కడప ఆసుపత్రిలో
ఒక ప్లాస్టిక్ డబ్బీ ఇచ్చినారు.
మూడు అరలు, మూడు నీలం గుండ్లు.
గొట్టం నోట్లో పెట్టుకొని గట్టిగా పీల్చాల.
మొదటి గుండు లేచేది.
రెండోది కదిలి, సిగ్గుపడి, కూర్చునేది.
మూడోదాన్ని మనవరాలు
డబ్బీ తలకిందులు చేసి లేపేది.

అయినా శనివారం రాత్రయితే
చెక్కలు చంకన పెట్టుకొని చావిడి కాడికి వచ్చేవాడు.

మాకు చెక్కభజన నేర్పేది దస్తగిరి తాత.
దూదేకులాయన. పరుపులు కుట్టిన వేళ్ళు.
చెక్కను పిచ్చుకపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుంటాడు.
అడుగు తప్పితే నవ్వుతాడు.
పాట నడుమ తెగితే మాత్రం
మోకాలి మీద ఒకటి వేస్తాడు.

ఆ రాత్రి తెగింది.
ఓబులేసన్న వంగి దగ్గుతాంటే
పదహారు మందిమీ ఆగిపోయి చూస్తాన్నాము.
"మనిషి ఆగితే పాట ఆగాల్నా?
అందరూ ఒకే మాట కాడ ఊపిరి తీస్తే
ఆడ గుంత పడదా?
వంతులేసుకోండిరా" అన్నాడు తాత.

సుద్దముక్క తీసుకొని
చావిడి ముందర పరిచిన బండల మీద
(మేము కోసినవే)
వంకర అక్షరాలతో చరణం రాసినాడు.
ఒక్కో మాట కింద ఒక్కో పేరు.
ఏరు కాడ పుల్లారెడ్డి. వంక కాడ హుసేనప్ప.
దిబ్బ కాడ నేను.
మలుపు కాడ నాగరత్నమ్మక్క.
"నీ మాట వచ్చినప్పుడు నోరు మూసుకో.
మోసేదానికి తక్కినోళ్ళుండారు."

నా దిబ్బ వచ్చింది. ఊపిరి తీసుకున్నా.
నేను లేని పాటను
మొదటిసారి విన్నా.
రోంత కూడా తగ్గలేదు అది.
దాని మీద కోపం రాలేదు.

లారీకి పెద్దబండ ఎక్కించేటప్పుడు
ఒకడు చెయ్యి మార్చుకోవాలంటే
తక్కిన ఏడుగురమూ బిగబడతాము.
అది మాకు పుట్టుకతో వచ్చిన పనే.
గొంతుతో కూడా అట్ల మోయొచ్చని
నాకు నలభై ఏండ్లొచ్చినాక తెలిసింది.

ఓబులేసన్నకు మొదట ఒక్క మాటే ఇచ్చినాడు తాత.
శివరాత్రికి రెండు చేసినాడు.
ఉగాదికి ఐదు.
ఎవరూ అడగలేదు, ఎవరూ లెక్క పెట్టలేదు.
వానాకాలానికి చరణమంతా ఆయన ఊపిరే.
చెక్కలాడేవి, గజ్జెలాడేవి, పెదాలు ఆడేవి.
చివర్న ఒక్క "దాటి" మాత్రం ఆయనది.
దానికోసం చరణమంతా గాలి కూడబెట్టుకొని
ఆ ఒక్క మాట
ఎంత గట్టిగా అనేవాడో
పక్కవీధి కుక్క లేచి కూర్చునేది.

కార్తీకంలో పోయినాడు.

పదకొండో రోజు దాటినాక మళ్ళీ కలిసినాము.
పాట మొదలైంది.
ఏరు, వంక, దిబ్బ, మలుపు,
అంతా ఆయనున్నప్పటి మాదిరే ఉండాది.
ఆయన చనిపోయినట్టు పాటకు తెలీదు.
చరణం చివరికొచ్చినాము.
పదహైదు గొంతులూ ఒక్కసారిగా "దాటి" అన్నాయి.
కుక్క లేవలేదు.

తాత మోకాలు ముట్టుకోలేదు.
"ఇంగోసారి" అన్నాడు.

పోయిన వారం నాకూ డబ్బీ ఇచ్చినారు.
రెండు గుండ్లు లేస్తాన్నాయి, మూడోది ఆలోచిస్తాంది.
ఈ శనివారం తాతను
ఇంకో మాట అడగాల.