నీటి గీత

పాలకొల్లులో షెడ్డువాడు కారు చుట్టూ ఓసారి తిరిగి
తలుపు మీద వేలితో కొట్టి, చప్పుడు విని
"ముప్పైవేలవుద్దండి, అదీ మీరు కాబట్టి" అన్నాడు.
కారు కొన్నదే ముప్పైఎనిమిదికి.
నా దగ్గరున్నవి నాలుగువేల రెండొందలు,
రేషను కార్డు కవర్లో, మడతలుగా.

ఆయ్, ఇంటికి తోలుకొచ్చేశాను.

గచ్చు మీద, రెండు కొబ్బరిచెట్ల మధ్య,
కాయ పడకుండా పైన పాత టార్పాలిను కట్టి
గరుకు కాగితంతో మొదలెట్టాం
నేనూ, మా ఆడపడుచు కూతురు నాగశిరీషా.
మూడోరోజుకి వేళ్ళ మీద గీతలు అరిగిపోయాయి.
డిపోలో బియ్యానికెళితే
మిషను నన్ను ఎవరో అంది.

తెలుపు కింద నీలం.
నీలం కింద ఎవరో మందంగా పులిమిన లాంబీ.
అది పెచ్చులుగా ఊడితే
నాలుగు తలుపులకీ ఒకే ఎత్తులో
తాడు పట్టి గీసినట్టు
తుప్పు గీత.

"నీట మునగలేదండి, నా మీద ఒట్టు" అన్నాడు అమ్మినాయన.
ఒట్టుకేం, తీసి గట్టున పెట్టొచ్చు.
రేకు మాత్రం ఎందాకా మునిగిందో అందాకా రాసి పెట్టుకుంది.
ఏ ఏటి వరదో, ఏ లంకలోనో
సీట్లదాకా ఎర్రనీళ్ళలో నిలబడి
అద్దాలు మాత్రం పైకి పెట్టుకుని
చూస్తూ ఉండిపోయింది కాబోలు.

గోడవతల పెమ్మాడి ఏడుకొండలు వచ్చాడు.
నరసాపురం రేవులో పడవలకి రంగులేసి
నడుం పట్టేసి మానేసిన మనిషి.
తుప్పుని గోటితో గీరి, వాసన చూసి,
"దీనికా ఇంత మొహం పెట్టేవు!
పడవకైతే ఈ గీత మేవే గీత్తాం.
కిందో రంగు, పైనో రంగు.
నీళ్ళవి నీళ్ళకిచ్చేత్తే మిగతాది మనది."

వాళ్ళ అటక మీద పడవ పచ్చ, అర డబ్బా.
పైన మీగడలా గట్టిపడింది, పొర తీస్తే కింద బతికే ఉంది.
నేను కొన్నది గేట్లకేసే పసుపు.
గన్ను లేదు, కంప్రెసరు లేదు,
నాలుగంగుళాల స్పాంజి రోలరు,
టీ గ్లాసుడు టర్పెంటైను.

తడి లేనప్పుడే వెయ్యాలట.
ఇక్కడ తడి లేనిదెప్పుడు!
పొద్దున్న మంచు, సాయంత్రం చెరువుల మీంచి ఉప్పుగాలి,
నడుమ పన్నెండు నుంచి మూడు.
మొదటి పూత చూసి నాగశిరీష
"చింతపండు పులుసులా ఉందత్తా" అంది.
ఉండనీ. ఆరనీ.
నీళ్ళేసి గీకు, మళ్ళీ వెయ్యి.
నాలుగో పూతకి రొయ్యల చెరువుల దోమలు
బానెట్టు మీద వాలి లేవలేదు.
ముప్పైరెండు, అది లెక్కపెట్టింది.
పట్టకారుతో తియ్యబోతే చారలు పడ్డాయి.
మానేశాం. అవీ కారులో భాగమే.

అంతా కలిపి మూడువేల ఆరొందల నలభై.
మిగిలిన దాంట్లో ఎర్ర ఎల్ బోర్డులు రెండు.
వెనకద్దం మీద ఏడుకొండలే రాశాడు,
పడవ మీద రాసేంత లావు అక్షరాలు:
ఆడవారికి కారు నేర్పబడును.

దగ్గరికొచ్చి చూడకండి.
పదడుగుల దూరం నుంచి, ఎండలో, బాగుంటుంది.

మొదటిరోజు ఆస్పత్రి నర్సు కరుణమ్మగారు.
"ఈ గీత స్టైలా?" అంది.
"స్టైలే" అన్నాను.
కాలవ గట్టు మీద ఎదురుగా గడ్డి ట్రాక్టరు,
మేం నీళ్ళవైపుకి జరిగాం.
ఆవిడ స్టీరింగుని బిడ్డలా గుండెకి లాక్కుంది.
"భయపడకండి" అన్నాను,
"నీళ్ళు ఎందాకా వస్తాయో దీనికి తెలుసు.
మీరు క్లచ్ తొక్కండి."