హాజరు పట్టీ

మూడు గళ్ళే పంపిన్రు హైదరాబాద్ నుంచి:
ఎంతమంది వచ్చిన్రు, ఎన్ని బగ్గులు దొరికినయ్,
మనిషికి ఎన్ని పడ్డయ్.
సోమవారం పొద్దటికల్లా కావాల్నట.

నిన్న ఆదివారం. హన్మకొండ గ్రంథాలయం మీది హాలు.
విడుదలకు ముందు తెలుగు కీబోర్డును
పదిమందితోని కొట్టించి చూసే దినం.
సంతకాలు నలభై మూడు.
అండ్ల పందొమ్మిది ఒక్కటే చేతిరాత,
సర్టిఫికెట్లు అడిగిన పోరగాండ్లవి.
సమోసాలు ఇరవై తొమ్మిది లేచినయ్.
నాకైతే సమోసాల మీదనే నమ్మకం,
దానికి గడి లేదు.

నజ్మున్నీసా టీచర్ పన్నెండు రాసిచ్చింది.
పన్నెండూ ఒక్కటే:
'ళ్ళ' కింద ఒత్తు ఊడిపోవుడు, పన్నెండు ఫోన్లల్ల.
ఒకటి అందామా?
ఫోను ఫోనుకు తిరిగి అడుక్కున్న మనిషాయె.
పన్నెండే వేసిన.

మొగిలి సారు సంగతేం జెయ్యాలె?
కాజీపేట షెడ్డుల రిటైరైనోడు.
పది గంటలకు కూసున్నడు, రెండున్నరకు లేసిండు.
గుణింతం మొత్తం కొట్టిండు, 'క' నుంచి 'క్ష' దాంక.
"అన్నీ మంచిగనే ఉన్నయ్ బాబూ" అన్నడు.
ఆయన పేరు ఎదురుగ సున్నా.
నేను సున్నా చుడుతుంటె చూసి నవ్విండు:
"ముప్పై ఒక్క ఏండ్లు సుత్తెతోని బండి చక్రాలు కొట్టి
మోత విన్న. పగులు దొరికింది రెండే సార్లు.
మిగిలిన దినాలకు జీతం ఊరికెనే ఇచ్చిన్రంటవా?"

గడి ఇరుకు.
సున్నా పక్కన ఇంకేం పట్టలె.

అసలు చెప్పాల్సింది ఆమె గురించి.
కొత్తవాడ అన్నది, మనవరాలిని దింపవచ్చి ఆగింది.
జంపఖానా అని కొట్టవోయింది.
నూలు ఒరుసుకొని ఒరుసుకొని మొద్దుబారిన బొటనవేలు,
తెర దాన్ని వేలే అనుకోలె.
కొంగుకు తుడుచుకొని మళ్ళ ఒత్తింది.
నాలుక తడి అద్దుకొని మళ్ళ.
"నాదే తప్పు గావచ్చు బిడ్డా" అనుకుంట
చెప్పులేసుకొని మెట్లు దిగింది.
సంతకం లేదు. సమోసా సుత తినలె.

రాత్రి పదకొండింటికి కూడిన:
నలభై మూడు. ముప్పై ఒకటి.
మనిషికి సున్నా పాయింట్ ఏడు రెండు.
ఆ ఏడు రెండుల ఎవరి వేలున్నదో
లెక్క చేసిన నాకే దెల్వదు.
పంపిన.

ఇప్పుడు ఫోను జేబులేసుకొని
కొత్తవాడ గల్లీల నిలవడ్డ.
మూడిండ్లకొక మగ్గం మోగుతున్నది.
పేరు రాసుకోనందుకు
ఒక్కొక్క తలుపే కొట్టి చూస్తున్న.